బోరు నీళ్లకు పండగ లేదు

(ఏరువాక పున్నమి నాడు అనంతపురం ప్రాంతంలోని ఒక శాఖా గ్రంథాలయంలో, వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించిన ఒక అధికారి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూచోండి నాయనా, చాపలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన అంశం "వానలు, సేద్యం, సంస్కృతి". సంస్కృతి గురించి మాట్లాడేంత చదువు నాకు లేదు. ఉద్యోగమంతా చేనిగట్ల మీదే గడిచింది. అందుకని తెలిసిన చోట మొదలుపెడతాను, కొందరు వేరుశనగ అనే మన చెనిక్కాయ దగ్గర.

మన జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లాల లెక్క తీస్తే రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత మన పేరే చెబుతుంటారు. కారణం మన పాపం కాదు, మనం ఉన్న చోటు. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి తెచ్చిన తేమంతా పడమటి కనుమల అవతల దించేసి, వట్టి చేతులతో ఇటు దిగుతుంది. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే గోదావరి జిల్లాలకు, తెలంగాణకు వాన. అది మన దాకా రావడం అరుదు. మనకు గట్టివాన సెప్టెంబరులో, నైరుతి వెళ్లిపోయే ముందు. అందుకే ఇక్కడ రైతు ఆకాశం చూసే తీరు వేరు. కోనసీమ రైతు వాన ఎప్పుడు ఆగుతుందా అని చూస్తాడు. మనవాడు ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తాడు. నెల్లూరు రైతుకు ఈ రెండూ కావు. ఆయనకు నైరుతి కన్నా అక్టోబరు తర్వాత వచ్చే ఈశాన్యమే పెద్ద దిక్కు. ముగ్గురిదీ తెలుగే. ముగ్గురి పంచాంగమూ ఒకటే. అయినా ముగ్గురూ అందులో వేర్వేరు పేజీలు తిప్పుతుంటారు.

పంచాంగం అన్నాను కాబట్టి కార్తెల సంగతి చూద్దాం. ఇక్కడున్న కాలేజీ పిల్లల్లో ఎంతమందికి ఇది ఏ కార్తో తెలుసు? (సభలో ఒకరిద్దరు చేతులెత్తారు.) ఫరవాలేదు, అనుకున్నంత అన్యాయంగా లేదు.

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. మొత్తం 27. ఇది సూర్యుడి లెక్క కాబట్టి ఇంగ్లీషు తేదీతో దాదాపు కదలకుండా ఉంటుంది. మృగశిర జూన్ 8న వస్తుంది, మహా అయితే ఒక రోజు అటూ ఇటూ. ఆరుద్ర 22న, పునర్వసు జులై 6న. పండగలేమో చంద్రుడి లెక్క. ఏరువాక పున్నమి ఒక ఏడు జూన్ మొదట్లో వస్తుంది, ఒక ఏడు నెలాఖరుకు జారుతుంది. అంటే మన ముత్తాతలు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని బతికారు. విత్తనం చల్లడానికి ఒకటి, కొబ్బరికాయ కొట్టడానికి ఒకటి. ఈ రెండూ మరీ దూరం జరిగిపోకుండా మధ్యలో అధికమాసం వేసి సర్దుకున్నారు. అది లేకపోతే కొన్నేళ్లకు ఏరువాక పున్నమి నడి ఎండాకాలంలోకి వెళ్లిపోయేది.

కార్తె సామెతలు మీకు తెలిసినవే. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది. వీటిని వినసొంపు మాటలుగా పుస్తకాల్లో అచ్చేస్తుంటారు. నేను ఒకదాన్ని చేలోకి తీసుకెళ్లి చూపిస్తా. "మఖా పుబ్బలు వరుపైతే మహా క్షామం." వరుపంటే వానలు ఎగ్గొట్టడం. మఖ ఆగస్టు 17 నుంచి, పుబ్బ ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు 13 దాకా. ఆ నాలుగు వారాలే ఎందుకు? జులై మధ్యలో, అంటే పునర్వసులో, చెనిక్కాయ విత్తామనుకోండి. నెల తిరిగేసరికి పసుప్పచ్చ పూత. పూత రాలిన చోటు నుంచి ఊడ పుట్టి కిందికి దిగి నేలలో గుచ్చుకోవాలి. ఆ ఊడ మీరు చూసే ఉంటారు, గుండుపిన్ను లావు, చివర ఊదారంగు. ఊడ నేలలోకి దిగితేనే కాయ. విత్తిన నలభయ్యో రోజు నుంచి అరవయ్యో రోజు దాకా ఇదే పని. నేల మెత్తగా ఉంటే దిగుతుంది, గట్టిపడితే ఊడ అంచు ఎండి గాలిలోనే మాడిపోతుంది. పైన చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది! రోడ్డు మీద కారులో పోయేవాడు చూసి "పంట బాగుందే" అనుకుంటాడు. లెక్కేసుకోండి, నలభై నుంచి అరవై రోజులంటే సరిగ్గా మఖా పుబ్బలు. సామెత పుట్టింది చెనిక్కాయ కోసం కాదు. ఈ పంట మన నేలను కమ్మేసింది మొన్నమొన్ననే. కానీ కొర్రయినా సజ్జయినా వానాకాలం మెట్టపంట ఏదైనా పొట్టకొచ్చేది, గింజ పట్టేది ఆ రోజుల్లోనే. అది దాటితే ఇంకో సామెత ఉంది కదా, "ఉత్తర చూసి ఎత్తర గంప". ఉత్తరలో కూడా చినుకు లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని. ఇదేదో తమాషా మాట అనుకోకండి. ఇక్కడి నుంచి బెంగళూరు, కేరళ వెళ్లిన ఇళ్లు మనకు తెలియనివి కావు.

ఇక్కడ చిన్న చిక్కుముడి. నక్షత్రాన్ని బట్టి లెక్కించే ఏడాదికీ ఋతువుల ఏడాదికీ సుమారు ఇరవై నిమిషాల తేడా ఉంది. డెబ్బై ఒకటి, రెండేళ్లకు అది ఒక రోజవుతుంది, వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు. అంటే ఒక కార్తె! ఇవాళ మృగశిరలో పడే తొలకరి వెయ్యేళ్ల కిందట ఆరుద్రలో పడి ఉండాలి. కాబట్టి ఏ సామెతనూ వేదవాక్కుగా పట్టుకోకండి. అవి నిలబడ్డాయంటే ప్రతి తరమూ తన చేలో సరిచూసుకుని, పనికిరానిది వదిలేసి, పనికొచ్చింది చెప్పుకోబట్టే. వాతావరణం మారింది, కార్తెలు తప్పాయి అంటుంటారు. అది కొంత నిజం. అంతకన్నా నిజం, సరిచూసుకునే వాళ్లు తగ్గారు.

సరే, నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాను. వాన ఏ ఒక్కరి చేలోనో పడదు. పడితే ఊరికి పడుతుంది, ఎండితే ఊరికి ఎండుతుంది. పోనీ ఒకరి చేలో పడి పక్కవాడి చేలో పడలేదనుకోండి, అప్పుడూ అది ఊరి సమస్యే, ఎవరు ముందు గొర్రు కట్టాలి, ఎద్దులు ఎవరికి బదులివ్వాలి అని. ఇట్లా అందరికీ కలిపి వచ్చేదాన్ని ఎట్లా ఎదురుచూడాలి, ఎట్లా నిలవ చేయాలి, ఎట్లా పంచుకోవాలి, రాకపోతే ఏం చేయాలి అని ఊరు చేసుకున్న ఏర్పాట్లున్నాయే, మనం పండగలని పిలిచేవాటిలో సగం అవే. భక్తి ఉంది, కాదనను. ఆ భక్తి కింద నీళ్ల లెక్క ఉంది.

ఏరువాకే చూడండి. ఎద్దులను కడిగి కొమ్ములకు రంగులేసి, పొంగలి పెట్టి, నాగలికి పూజ చేసి అందరూ ఒకే రోజు సాలు తోలుతారు. కొన్ని ఊళ్లలో ఊరి వాకిట గోగునార తోరణం కట్టి, చర్నాకోలలతో కొట్టి తెంపి, దొరికిన పీచు తెచ్చి ఎద్దు మెడకో నాగలికో కడతారు. ఆ రోజే సాలు తోలాలని శాస్త్రమేమీ అడగదు. కానీ అందరూ ఒకే రోజు దిగితే ఎవరి నాగలికి కర్రు లేదో, ఎవరికి ఎద్దు చచ్చిపోయిందో, ఎవరింట్లో విత్తనం లేదో ఊరికంతా ఆ పొద్దే తెలిసిపోతుంది. అప్పుడే బదులు, అప్పుడే సాయం. మేము శాఖలో విత్తన సర్వే అని ఫారాలు నింపేవాళ్లం. ఆ పండగ అంత సర్వే మేమెప్పుడూ చేయలేకపోయాం. (నవ్వులు)

వాన రాకపోతే ఏం చేయాలో కూడా ఊరికి తెలుసు. కప్పతల్లి ఆట ఇప్పటికీ అక్కడక్కడా ఆడుతున్నారు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో కప్పను కట్టి, ఇద్దరు పిల్లలు భుజాన మోసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ బిందెడు నీళ్లు దాని మీద పోసి, చేటలో ఇన్ని గింజలు వేస్తుంది. ఆ గింజలు వండి అందరూ తింటారు. చుక్క నీరు దొరకని కాలంలో బిందెడు నీళ్లు కప్ప మీద పోయడమేమిటని నాతో ఒక సైన్సు మేష్టారు వాదించారు. ఆయన చెప్పిందీ సబబే. కానీ ఆ బిందె పోసిన ఇంటికి పొలం ఉన్నా లేకపోయినా, కరువు తనదని ఒప్పుకున్నట్టు లెక్క. ఇంకొన్ని ఊళ్లలో విరాటపర్వం చదివించేవారు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు కురుస్తాయి, పంటలు నిండుగా పండుతాయి అని భీష్ముడు చెప్పే మాట ఆ పర్వంలో ఉంది. పాండవులు దాక్కున్న చోటు పట్టుకోవడానికి అది ఆనవాలు. మనవాళ్లు దాన్ని తిరగేసి, ఆ కథ చదివితే వాన వస్తుందన్నారు. కోస్తాలో వరదపాయసం ఉంది, కొండ మీద రాతిబండపై పాయసం పోసి, వంగి నోటితోనే జుర్రుకోవడం. ఆ వంగడంలో పెద్దా చిన్నా లేదు.

ఇక నిలవ చేయడం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మీద 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువు కట్టడానికి రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పని చేశారని అందులో చెప్పాడు. ఆపైన మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఏకరువు పెట్టాడు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలి, గట్టి మన్ను ఉండాలి, తీపినీటి ఏరు ఉండాలి, రెండు కొండల మధ్య కట్ట ఉండాలి, కట్ట మరీ పొడుగు కాకూడదు, దగ్గర్లో రాయి దొరకాలి, కట్టడం తెలిసిన మనుషులుండాలి. ఇంజనీరింగు చదివే పిల్లలు ఆ జాబితా ఒకసారి చదవండి, పరీక్షకు పనికొస్తుంది. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల, నడుమ మిట్ట ఉండడం ఉన్నాయి. నీరు కొంచెమై నేల ఎక్కువవడం దోషమే, నీరు ఎక్కువై నేల కొంచెమవడమూ దోషమే. ఇంకొకటుంది, వినండి. చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం దోషం! (నవ్వులు) ఆయన 1369లోనే చెప్పాడు, మనం వినలేదు.

తెలంగాణలో కాకతీయుల రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు అందరికీ తెలుసు. పెద్ద చెరువుల పేర్లే మనం చెప్పుకుంటాం గానీ అసలు పని చిన్న చెరువులదే. ఒకటి నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. గొలుసుకట్టు. మనం అలుగు అంటాం, వాళ్లు మత్తడి అంటారు, నీళ్లు మాత్రం కిందికే పోతాయి. ఈ గొలుసులో పై ఊరివాడు అలుగు మీద రెండు వరసల రాళ్లు పెంచాడంటే కింది ఊరికి పంట లేదు. అందుకే అలుగు ఎత్తు మీద తగవులు, పంచాయతీలు, వియ్యాలు, కయ్యాలు. చెరువు నిండిన ఏడు గంగమ్మకు పూజ, తెగిన ఏడు కథ. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు గండికి అడ్డంగా నిలబడి ప్రాణమిచ్చిందన్న కథ మనకు చిన్నప్పటి నుంచి చెబుతున్నదే. ఇవాళ్టికీ ఆ కట్ట మీద ఆవిడకు పూజ జరుగుతుంది. ఆ కథ విన్నప్పుడల్లా నాకొక మాట అడగాలనిపిస్తుంది, గండికి బలి కావాలన్నప్పుడు కోడలే ఎందుకు గుర్తొచ్చిందని.

తూము తెరిచి మూసేవాడు నీరుగంటి. తెలంగాణలో నీరటి అంటారు. ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చెప్పాల్సింది ఆయనే. రెడ్డిగారి మడి అయినా ఆయన గడ్డపార వేసి కాలవ కట్టేస్తే కట్టేసినట్టే. కళ్లంలో ఆయన మేర, అంటే ఆయన వాటా గింజలు, ఆయనకు కొలిచేవారు. ఈ ఏర్పాటంతా స్వర్గమని చెప్పడం లేదు. నీరుగంట్లు చాలాచోట్ల దళితులు. ఊరంతటికీ నీళ్లు పంచిన మనిషికి ఆ ఊరి బావిలో చేద వేసే హక్కు ఉండేది కాదు. నీళ్లు చాలకపోతే ముందు ఎండేది ఆయకట్టు చివరి మళ్లు, అవి ఎవరివో చెప్పక్కర్లేదు. పూడిక తీతకు ఇంటికో మనిషి రావాలన్న ఆచారం కూడా అందరూ మనసారా చేసింది కాదు. రాని వాళ్ల కోసం ఇంగ్లీషువాళ్లు మద్రాసు రాజ్యంలో 1858లో నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చారు. అయినా ఒక్కటి ఒప్పుకోవాలి, చెరువు నీళ్లు దాచుకోవడానికి వీల్లేదు. ఎంత ఉన్నాయో కట్టెక్కితే ఊరందరికీ కనిపిస్తుంది.

బతుకమ్మ చూడండి. భాద్రపద అమావాస్యకు మొదలై దుర్గాష్టమితో ముగుస్తుంది. వానాకాలం చివర. తంగేడు, గునుగు విరగబూసేది అప్పుడే. గునుగు ఎవరూ వేయరు, మెట్టచేలల్లో కలుపుమొక్కగా మొలుస్తుంది. కలుపును పూజించే పండగ ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. పేర్చిన పూలు వదలాలంటే చెరువులో నీళ్లుండాలి. ఆ తొమ్మిది రోజులూ ఆడవాళ్లంతా చెరువు దగ్గరికి పోతారు, కట్ట ఎట్లా ఉందో, నీరెంత ఉందో, యాసంగికి వస్తాయో రావో వాళ్ల కంటబడకుండా పోదు. ఇప్పుడు గడ్డిమందు కొట్టిన చేలల్లో గునుగు మొలవడం లేదు, బజార్లో కట్టలు కొంటున్నారు. పట్నాల్లో తాత్కాలిక గుంటలు తవ్వి నీళ్లు నింపుతున్నారు.

మన శాఖ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వాన పడిన రోజు. రైతుకు అది దుమ్ము అణగడానికి కూడా చాలదు. తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తారు. 60, 70 మిల్లీమీటర్లు పడి నేల బాగా తడిశాకే గింజ వేయమని శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. ఏటా ఎవరో ఒకరు మొదటి జల్లుకే వేస్తారు, మొలక ఎండుతుంది, మళ్లీ గింజలు కొంటారు. పక్కవాడు వేశాడని వేస్తారు. ఒకప్పుడు ఆ తొందరను ఆపేది ఊరి పెద్ద నోటిమాట.

ఒకసారి నేను వర్షపాతం రిజిస్టరు పట్టుకుని ఒక చేనికి వెళ్లాను. ఆ పెద్దాయన గుంటక ఆపి అన్నాడు, "సారూ, మీ కాగితంలో వాన పడిండాది. మా సేన్లో పడల్యా. మండలాఫీసు మిద్దె మీద పడిన వానకు మా చెనిక్కాయ మొలుస్తాదా?" నా దగ్గర జవాబు లేదు. అప్పట్లో కొలపాత్ర ఉండేది మండలానికి ఒకటి. వాన పడేది ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము ఎండేటట్టు.

ఇప్పుడు బోరు. 1980ల తర్వాత కరెంటు వచ్చి, రిగ్గు లారీలు ఊళ్లలోకి వచ్చాక ఏం జరిగిందో మీరంతా చూశారు. బోరు వేయడం తప్పని నేననను, మా ఇంట్లోనూ ఉంది. చెరువు ఎండినా పిల్లల చదువులు సాగాయంటే బోరు వల్లే. కానీ నీళ్లు కంటికి కనిపించకుండా పోయాయి. ఎవరెంత తోడుతున్నారో ఎవరికీ తెలియదు. రెండు వందల అడుగుల్లో నీళ్లున్న చోట పక్కవాడు నాలుగు వందలు దించితే మనది ఎండింది, మనం ఆరు వందలు దించాం. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకని వాల్టా చట్టం వచ్చింది, బోరుకు అనుమతి కావాలంది. చట్టం ఉంది, లారీలు రాత్రిపూట వస్తాయి. (నవ్వులు) బోరు ఉన్నవాడికి అలుగుతో పని లేదు, నీరుగంటితో పని లేదు, పూడిక తీతకు మనిషిని పంపాల్సిన పని లేదు. చెరువు పాడవుతుంటే అడిగే గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. విచిత్రమేమిటంటే చెరువు ఎండితే బోరూ ఎండుతుంది, భూమిలోకి ఇంకే నీళ్లు అవే కాబట్టి. బోరు నీళ్లు కూడా వాన నీళ్లే. అయినా బోరు నీళ్లకు పండగ లేదు. బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూసేటప్పుడు అరచేతిలో కొబ్బరికాయ నిలబెడతారు, అంతే. అదీ ఒక ఇంటివాళ్లు చేసుకునేది, ఊరు చేసేది కాదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువులు గుర్తించి పూడిక తీత మొదలుపెట్టింది. ఒండ్రుమట్టి రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. మంచి పనే. ప్రభుత్వం పూడిక తీయగలదు. తీసిన చెరువును ఏటా చూసుకోవాల్సింది మాత్రం ఆయకట్టు రైతులే, ఆయకట్టు రైతుల్లో చాలామంది బోర్ల మీద ఉన్నారు.

చివరగా ఒక్క ఏర్పాటు గురించి చెప్పి కూచుంటాను. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోరున్న రైతులూ లేని రైతులూ కూర్చుని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు. బోర్లన్నిటినీ భూమిలో గొట్టాలతో కలిపేశారు. కొన్నేళ్లపాటు ఆ పరిధిలో ఎవరూ కొత్త బోరు వేయరాదు, వరి పెట్టరాదు. దానికి బదులు వానాకాలంలో వరుపు వచ్చినప్పుడు బోరు లేనివాడి మెట్టపంటకు కూడా స్ప్రింక్లర్లతో ఒకటో రెండో తడులు ఇవ్వాలి. మఖా పుబ్బల్లో ఊడ దిగే వేళకు ఒక్క తడి పడితే ఏమవుతుందో ఇందాక చెప్పాను. బోరున్నవాళ్లు ఎందుకు ఒప్పుకున్నారని నేనూ అడిగాను. కొత్త బోర్లు పడకపోతే తమది ఎండదని వాళ్ల లెక్క. ఉదారంగా ఒప్పుకోలేదు, లెక్క చూసుకునే ఒప్పుకున్నారు. కొన్నిచోట్ల గొట్టాలు పగిలి, మాటలు పెరిగి ఆగిపోయింది కూడా. నడుస్తున్న చోట నీళ్లు వదిలే మనిషిని పెట్టుకున్నారు, ఆయనకు నెల జీతం అందరూ కలిపి ఇస్తున్నారు.

ఆ ఒప్పందం కాగితం నకలు ఒకటి నా సంచిలో ఉంది. చూడాలనుకునే రైతులుంటే సభ అయ్యాక రండి. ఇక ప్రశ్నలడగండి, ముందు ఆ చివరి చాప మీద కూచున్న అమ్మాయి, చెయ్యెత్తి చాలాసేపైంది.